భూమి, రంగు, పౌరసత్వం: 1790 నుంచి గ్రీన్‌కార్డు క్యూ దాకా అమెరికా లెక్క

మీరడిగింది ఇది: అమెరికా వలస వచ్చినవాళ్ల దేశమంటారు కదా, మరి బానిసత్వం, మూలవాసుల భూములు లాక్కోవడం, చైనీయుల మీద నిషేధం, ఇవాళ మనవాళ్ల గ్రీన్‌కార్డు నిరీక్షణ, ఇవన్నీ వేటికవే విడి కథలా, లేక వీటి మధ్య ఏదైనా లంకె ఉందా?

లంకె ఉంది. అది పౌరసత్వ చట్టంలో ఉంది. ఈ చరిత్ర చదివేటప్పుడు చాలామంది తడబడేది కూడా అక్కడే, ఎందుకంటే వలస చట్టాన్నీ పౌరసత్వ చట్టాన్నీ ఒకటే అనుకుంటారు. దేశంలోకి ఎవరు అడుగుపెట్టవచ్చో చెప్పేది వలస చట్టం. అడుగుపెట్టినవాళ్లలో ఎవరు ఓటరు కావచ్చో, తమ పేరున భూమి పెట్టుకోవచ్చో తేల్చేది పౌరసత్వ చట్టం. 1875 వరకు మొదటిదానికి కేంద్ర స్థాయిలో ఆంక్షలు దాదాపు లేవు, ఓడ టికెట్ కొనుక్కున్నవాడు దిగిపోవచ్చు. రెండోదానికి మాత్రం మొదటి రోజు నుంచే రంగు షరతు ఉంది. 1790 మార్చి 26న చేసిన చట్టం ప్రకారం, బానిస కాని తెల్లజాతి మనిషి రెండేళ్లు దేశంలో ఉండి, సత్ప్రవర్తన రుజువు చేసుకుంటే పౌరుడు కావచ్చు. ఆ గడువు 1795లో అయిదేళ్లయింది, 1798లో పద్నాలుగయింది, 1802లో మళ్లీ అయిదుకు దిగింది. రంగు షరతు మాత్రం 1952 దాకా కదల్లేదు. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు, 1940లలో మరికొందరిని చేర్చారు, అంతే.

ఐరిష్‌వాళ్లు, ఇటాలియన్లు కూడా ఒకప్పుడు తెల్లవాళ్లు కారు అని తరచూ రాస్తుంటారు. వాళ్లను ద్వేషించిన మాట నిజమే. 1844లో ఫిలడెల్ఫియాలో ఐరిష్ కాథలిక్కుల ఇళ్లూ చర్చీలూ తగలబెట్టారు. కానీ 1850లో బోస్టన్‌లో దిగిన ఐరిష్ కూలీ అయిదేళ్ల తరవాత కోర్టుకు వెళితే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మని ఏ జడ్జీ అనలేదు. ఆ కాగితంతో అతను ఓటు వేశాడు, పోలీసు ఉద్యోగం తెచ్చుకున్నాడు, భూమి తీసుకున్నాడు. సమాజం చూపే అసహ్యం, చట్టం వేసే తాళం ఒకటి కావు. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా చరిత్రంతా గజిబిజి అయిపోతుంది.

ఇక భూమి సంగతి. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానాను 1.5 కోట్ల డాలర్లకు కొన్నారు. వచ్చింది సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్లు. నిజానికి ఫ్రాన్స్ అమ్మింది అక్కడ నివసిస్తున్న జాతుల భూమి కాదు, దాని మీద మరో యూరప్ దేశం పోటీకి రాకుండా ఉండే హక్కును. అక్కడి జాతుల నుంచి భూమిని ఒప్పందాలతోనో యుద్ధాలతోనో మళ్లీ విడిగా తీసుకోవలసి వచ్చింది. దక్షిణాదిలో ఈ పని పత్తి కోసం జరిగింది. 1793లో గింజ తీసే జిన్ యంత్రం రావడంతో పొట్టి పింజ పత్తి లాభసాటి అయింది. అది బాగా పండే నేలలు జార్జియా, అలబామా, మిసిసిపీలలో చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా జాతుల చేతుల్లో ఉన్నాయి. 1830లో వాళ్లను మిసిసిపీ నది అవతలికి పంపే చట్టం వచ్చింది. 1832లో సుప్రీంకోర్టు జార్జియా చట్టాలు చెరోకీ నేల మీద చెల్లవని తీర్పిచ్చింది, రాష్ట్రం దాన్ని లక్ష్యపెట్టలేదు. తీర్పొచ్చిన ఏడాదే ఆ నేలను 160 ఎకరాల పొలం ప్లాట్లుగా, బంగారం దొరికే చోట 40 ఎకరాల ప్లాట్లుగా కోసి, తెల్లవాళ్లకు లాటరీ తీసి పంచింది. 1838-39లో సైన్యం సుమారు 16 వేల మంది చెరోకీలను తరలించింది. దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4 వేల మంది చనిపోయారని అంచనా.

ఖాళీ చేయించిన ఆ నేల మీద పని చేసింది ఎవరు? 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడం నిషేధం. కాబట్టి వర్జీనియా, మేరీలాండ్ యజమానులు తమ దగ్గర పుట్టి పెరిగిన మనుషులనే దక్షిణానికి అమ్మారు. అంతర్యుద్ధం వచ్చేలోపు ఇలా దాదాపు పది లక్షల మంది తల్లీబిడ్డల, భార్యాభర్తల బంధాలు తెంపుకొని కదలవలసి వచ్చింది. 1790 జనగణనలో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి సుమారు 39.5 లక్షలయ్యారు. ఒక జాతిని పడమటికి తోలడం, ఇంకో జాతిని కొని అక్కడికి తేవడం, ఆ పంట అమ్మిన సొమ్ముతో ఉత్తరాదిలో మిల్లులూ బ్యాంకులూ పెరగడం, ఆ మిల్లుల్లో పనికి యూరప్ కూలీలు దిగడం, ఇవన్నీ ఒకే తరంలో ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ జరిగాయి. విడి అధ్యాయాలుగా చదివితే ఈ నెట్టుడు కనబడదు.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా సూటిగా జవాబు చెప్పే కాగితం 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం. దాని షరతులు జాగ్రత్తగా చూడండి. 21 ఏళ్లు నిండాలి, లేదా ఇంటి పెద్ద అయి ఉండాలి. 160 ఎకరాలు ఇస్తారు. ఇల్లు కట్టి, సాగు చేస్తూ అయిదేళ్లు అక్కడే ఉండాలి. ఫీజులన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. ఇక అసలు షరతు: దరఖాస్తుదారు పౌరుడై ఉండాలి, లేదా పౌరుడు కావాలన్న ఉద్దేశాన్ని కోర్టులో ప్రకటించి ఉండాలి. చట్టంలో ఎక్కడా రంగు మాట లేదు. అవసరం లేదు, ఎందుకంటే ఆ ఉద్దేశం ప్రకటించే అర్హతే 1790 చట్టం ప్రకారం తెల్లవాళ్లది. నిన్న ఓడ దిగిన నార్వే రైతు, జర్మన్ రైతు ఈ రోజు ప్రకటన చేసి, రేపు మినెసోటాలోనో నెబ్రాస్కాలోనో భూమి అడగవచ్చు. పదిహేనేళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్న చైనీయుడు అడగలేడు. ఈ పథకం కింద మొత్తం సుమారు 16 లక్షల మందికి 27 కోట్ల ఎకరాలు దక్కాయి, దేశ భూభాగంలో పదో వంతు. చట్టం వచ్చిన ఏడాదే మినెసోటాలో ఆకలితో, బకాయి పడిన ఒప్పందపు సొమ్ము అందక డకోటా జాతి మూలవాసులు తిరగబడ్డారు. డిసెంబరు 26న మాన్‌కేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు, మరుసటి ఏడాది మిగతావాళ్లను రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. నార్వే రైతు దున్నిన నేల చరిత్రలో ఇదీ ఒక భాగమే.

విడుదలైన నల్లజాతివాళ్లకు 1868లో పద్నాలుగో సవరణతో పౌరసత్వం స్థిరపడింది. దక్షిణాదిలో ప్రభుత్వ భూమి ఇచ్చే చట్టం 1866లోనే వచ్చింది కూడా. కానీ మిగిలింది చాలావరకు చిత్తడి, అడవి. విత్తనానికీ ఎద్దులకూ పెట్టుబడి లేదు, అధికారుల సహకారం లేదు. 1876లో ఆ చట్టాన్నే ఎత్తేశారు. జనం పంటలో వాటా ఇచ్చే కౌలుకు, అప్పుల్లోకి జారిపోయారు.

మెక్సికో యుద్ధం ముగిశాక, 1848 ఒప్పందంతో కాలిఫోర్నియా నుంచి న్యూమెక్సికో దాకా సుమారు 13.6 లక్షల చదరపు కిలోమీటర్లు వచ్చాయి. అక్కడున్న మెక్సికన్లకు ఒప్పందమే పౌరసత్వం ఇచ్చింది. అప్పటికి పౌరసత్వం తెల్లవాళ్లదే గనక, కాగితం మీద వాళ్లు తెల్లవాళ్ల లెక్కలో పడ్డారు. బడిలో, హోటల్లో, జ్యూరీలో అలా చూడలేదనేది వేరే సంగతి. భూములు పోయిన తీరు గమనించదగ్గది. 1851 కాలిఫోర్నియా చట్టం, పాత స్పానిష్, మెక్సికన్ పట్టాదారులే తమ హక్కు రుజువు చేసుకోవాలంది. ఒక్కో కేసు తేలడానికి సగటున 17 ఏళ్లు పట్టింది. గెలిచినవాళ్లలో కూడా చాలామంది వకీళ్ల ఫీజులకే పొలాలు అమ్ముకున్నారు. రుజువు చేసే భారం ఎవరి నెత్తిన పెట్టారన్నదే ఫలితాన్ని తేల్చేసింది. ఈ పద్ధతి అమెరికా చరిత్రలో మళ్లీ మళ్లీ కనబడుతుంది.

చైనీయుల విషయంలో ఆ తాళాలు ఒక్కొక్కటే బిగుసుకోవడం చూడవచ్చు. 1850లో విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు. దాన్ని ఎత్తేసి 1852లో 3 డాలర్లతో మళ్లీ తెచ్చినప్పుడు అది ప్రధానంగా చైనీయుల మీదే పడింది. 1854లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, తెల్లవాడికి వ్యతిరేకంగా చైనీయుడి సాక్ష్యం చెల్లదంది. అంటే తెల్లవాడు చైనీయుణ్ణి చంపినా, చూసినవాళ్లంతా చైనీయులైతే కేసు నిలవదు. 1860లలో సియెర్రా కొండలు తొలిచి రైలు మార్గం వేసింది పది నుంచి పదిహేను వేల మంది చైనీయులు. తెల్ల కూలీకి జీతంతో పాటు తిండీ బసా ఇస్తే, వీళ్లు తమ తిండి తామే కొనుక్కున్నారు. 1869 మే 10న యూటాలోని ప్రోమొంటరీ దగ్గర తూర్పు, పడమటి పట్టాలు కలిశాయి. 1882 మే 6న చైనా కూలీల ప్రవేశాన్ని పదేళ్లపాటు నిషేధించారు. 1892లో దాన్ని పొడిగిస్తూ, ప్రతి చైనా కూలీ నివాస ధ్రువపత్రం తీసుకోవాలనీ, అది లేకుండా దొరికితే పంపించేస్తామనీ రాశారు. ఆ తరవాత నిషేధానికి గడువే లేకుండా చేశారు. అమెరికాలో ఒక వర్గపు వలసదారులు ప్రభుత్వ ధ్రువపత్రం పెట్టుకోకపోతే నేరమనే ఏర్పాటు ఇక్కడే మొదలైంది. ఇవాళ్టి వలస శాఖ ఫైళ్లు, ఇంటర్వ్యూలు, ఫొటో గుర్తింపు పద్ధతులు చాలావరకు ఈ నిషేధం అమలు చేస్తూ నేర్చుకున్నవే.

అదే కాలంలో ఒక తలుపు మాత్రం తెరుచుకుంది. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను చైనా వెళ్లి తిరిగొస్తుంటే ఓడలోనే ఆపేశారు. 1898లో సుప్రీంకోర్టు, అమెరికా గడ్డ మీద పుట్టాడు గనక, తల్లిదండ్రులు అక్కడ స్థిరపడిన చైనీయులైనా, అతను పౌరుడేనని తీర్పిచ్చింది. ఇక్కడ పుట్టిన మన పిల్లల పౌరసత్వం మీద వాదన వచ్చిన ప్రతిసారీ ఎత్తేది ఈ కేసునే. మూలవాసులకు మాత్రం ఈ సూత్రం వర్తించలేదు. జాతిలో పుట్టినవాడు పౌరుడు కాడని 1884లోనే అదే కోర్టు తేల్చింది. 1887 చట్టంతో వాళ్ల ఉమ్మడి భూమిని కుటుంబానికి 160 ఎకరాల చొప్పున విడగొట్టి, మిగులును బయటివాళ్లకు అమ్మారు. ఆ ఏడాది 13.8 కోట్ల ఎకరాలున్న వాళ్ల భూమి 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది. దేశంలో పుట్టిన మూలవాసులందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో.

మనవాళ్ల కథ ఇక్కడ కలుస్తుంది. 1900ల తొలినాళ్లలో పశ్చిమ తీరంలో కలప మిల్లులకూ పొలాలకూ పంజాబీలు వచ్చారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో గుంపులు వాళ్లను కొట్టి ఊరి నుంచి తరిమేశాయి. 1913లో కాలిఫోర్నియా, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదంది. ఇక్కడా జాతి పేరు రాయలేదు, హోమ్‌స్టెడ్ చట్టంలోని కిటుకే ఇది. 1917లో భారతదేశం సహా ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి కూలీల వలసకు మూసేశారు. విద్యార్థులకు మినహాయింపు ఉంచారు.

తెల్లవాడంటే ఎవరు అన్నది అప్పటికి కోర్టుల్లో నలుగుతోంది. 1922 నవంబరులో తకావో ఒజావా అనే జపనీయుడు, నా చర్మం తెల్లగానే ఉంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతాం అన్నాడు. సుప్రీంకోర్టు, చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతివాడై ఉండాలంది. మూడు నెలల తరవాత, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ వంతు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. నాటి శాస్త్రజ్ఞుల వర్గీకరణ ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా అన్నాడు. తన కులం గొప్పతనాన్ని కూడా వాదనలో వాడుకున్నాడు, అది మనం దాచుకోవలసింది కాదు. కోర్టు, శాస్త్రం కాదు, మామూలు మనిషి అవగాహనే ప్రమాణం అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. ఆయనా ఇంగ్లండులో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చినవాడే. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవమని ప్రత్యేకంగా చెబుతాను. కొలబద్ద మూడు నెలల్లో మారింది, ఎవరికి తలుపు మూయాలో ముందే తేలిపోయింది గనక.

థింద్ తీర్పు తరవాత ప్రభుత్వం అప్పటికే పౌరులైన పదుల మంది భారతీయుల పౌరసత్వం వెనక్కి లాక్కుంది. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయి, దుకాణం పోయి, 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ కూడా 1931 దాకా తన పౌరసత్వం పోగొట్టుకునేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరింది దాదాపు ఆ రోజుల్లోనే, చదువుకోసం గనక రాగలిగారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ మీద ఆయనా ఆయన బృందమూ చేసిన పని లోకమంతా వాడుకుంది. కానీ 1946 జూలై దాకా ఆయనకు పౌరసత్వం అడిగే అర్హతే చట్టంలో లేదు. 1948 ఆగస్టులో పోయేనాటికి ఆయన అమెరికా పౌరుడు కారు.

1924 కోటా చట్టం లెక్క కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పక్షపాతం అంకెల్లో ఎలా దూరుతుందో దీనికన్నా బాగా చూపేది లేదు. 1921లో తాత్కాలిక చట్టం, 1910 జనగణనలో ఒక దేశంలో పుట్టినవాళ్లు ఎంతమంది అమెరికాలో ఉన్నారో అందులో 3 శాతాన్ని ఏటా రానిస్తామంది. ఇటలీకి 42,057 వచ్చింది. 1924లో శాతాన్ని 2కి తగ్గించారు, జనగణనను మాత్రం 1890కి వెనక్కి జరిపారు. ఇటాలియన్లు, పోలండ్ యూదులు పెద్ద ఎత్తున వచ్చింది 1890 తరవాత. అంతే, ఇటలీ 3,845కి పడిపోయింది, జర్మనీకి 51,227 దక్కాయి. 1929 నుంచి మరో సూత్రం: దేశ జనాభా పూర్వీకుల మూలాలను బట్టి కోటా. న్యాయంగా వినిపిస్తుంది. కానీ ఆ జనాభా లెక్కలోంచి ఆఫ్రికా బానిసల సంతతిని, మూలవాసులను, ఆసియావాళ్లను ముందే తీసేశారు. ఇక భారత్, చైనా, జపాన్లకు కూడా ఏటా 100 చొప్పున కోటా ఉంది, పౌరసత్వానికి అర్హత ఉన్నవాళ్లకే అది. అంటే కలకత్తాలో పుట్టిన ఇంగ్లిష్‌వాడు భారత కోటాలో రావచ్చు, కలకత్తా బెంగాలీ రాలేడు. మెక్సికోకు మాత్రం కోటా పెట్టలేదు, పొలాల యజమానులకు కూలీలు కావాలి.

మొదట ప్రపంచ యుద్ధంతో, తరవాత ఈ కోటాలతో యూరప్ కూలీలు ఆగిపోవడంతో షికాగో, డెట్రాయిట్ ఫ్యాక్టరీలు దక్షిణాది నల్లజాతి కూలీల కోసం చూశాయి. 1910ల నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది ఉత్తరానికీ పడమటికీ వెళ్లారు. అక్కడ వాళ్లకు ఎదురైంది ఇంటి దస్తావేజు. తెల్లవాళ్లు కానివాళ్లకు అమ్మకూడదని దస్తావేజులోనే రాసేవారు, చాలా చోట్ల ఆసియావాళ్లనూ అందులో చేర్చేవారు. 1948 దాకా కోర్టులు ఆ షరతులను అమలు చేశాయి. 1934 నుంచి గృహరుణాలకు కేంద్రం పూచీ ఇచ్చినా, నల్లజాతివాళ్లున్న పేటలకు ఆ పూచీ దొరకలేదు. అమెరికా మధ్యతరగతి కుటుంబానికి ఆస్తి అంటే చాలావరకు ఇల్లే. తరాల మధ్య సంపద తేడా ఇవాళ్టికీ పూడకపోవడానికి ఇది ముఖ్య కారణం.

1946లో భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు గెలిచారు. 1952లో జాతి షరతు చట్టం నుంచి పోయింది. కోటాలు ఉండిపోయాయి. వాటిని తీసేసింది 1965 అక్టోబరు 3న లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం. అంతకు ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చాయి. ఓటు హక్కు కోసం అలబామాలోని సెల్మాలో ఊరేగి దెబ్బలు తిన్న నల్లజాతివాళ్లు జాతిని బట్టి మనిషి విలువ కట్టే పద్ధతిని దేశం ముందు దోషిగా నిలబెట్టకపోతే, పుట్టిన దేశాన్ని బట్టి విలువ కట్టే కోటాలు ఆ ఏడాది కూలేవి కావని నా గట్టి అభిప్రాయం. మనవాళ్ల సభల్లో, సంఘాల్లో ఈ రుణం గురించి ఇంకా ఎంతో ఎక్కువగా మాట్లాడుకోవాలి.

అయితే 1965 చట్టం కొత్త ముళ్లు వేసింది. తూర్పు అర్ధగోళానికి ఏటా 1.7 లక్షలు, ఒక్కో దేశానికి 20 వేలు దాటకూడదు. పశ్చిమ అర్ధగోళానికి మొదటిసారి 1.2 లక్షల పరిమితి. 1976లో మెక్సికోకూ 20 వేల కట్టుబాటు పడింది. లక్షల మంది మెక్సికో కూలీలను పిలిపించుకున్న బ్రాసెరో పథకం 1964లోనే ఆగిపోయింది. పొలాల్లో పని ఆగలేదు, కూలీలు రావడం ఆగలేదు, కాగితాలు మాత్రం లేకుండా పోయాయి. మా తాతలు లైన్లో నిలబడి చట్టబద్ధంగా వచ్చారు, వీళ్లెందుకు రారు అనేవాళ్లకు జవాబు ఇదే. వాళ్ల తాతలు వచ్చినప్పుడు అసలు ఆ లైనే లేదు.

ఇప్పుడు మీ గ్రీన్‌కార్డు లెక్క. 1990 చట్టం ప్రకారం ఉద్యోగ కోటా ఏటా కనీసం 1.4 లక్షలు. ఇందులో ఈబీ-2కు, అంటే ప్రధానంగా పీజీ స్థాయి చదువు కావలసిన ఉద్యోగాల వర్గానికి, 28.6 శాతం, అంటే 40,040. ఒక దేశానికి 7 శాతం పరిమితి, అంటే సుమారు 2,800. భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఇందులోంచే లెక్కకొస్తారు, కాబట్టి ఉద్యోగుల సంఖ్య ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఈబీ-3కీ, అంటే ప్రధానంగా డిగ్రీ లేదా నైపుణ్యం కావలసిన ఉద్యోగాల వర్గానికీ, ఇదే లెక్క. ఇతర దేశాలు వాడుకోని నంబర్లు మిగిలితే, వరసలో అందరికన్నా ముందున్నవాళ్లకు వెళ్తాయి, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా ప్రభుత్వం ప్రకటించే వీసా బులెటిన్‌లో తేదీలు కొన్ని నెలల్లో దూకడం, కొన్నిసార్లు వెనక్కి పోవడం అందుకే. కోటి జనాభా ఉన్న దేశానికీ 140 కోట్ల దేశానికీ ఒకటే పరిమితి. 1924 కోటాల్లా ఇది ఎవరి జాతినీ ఎంచుకోలేదు, కానీ మనిషిని పుట్టిన దేశంతో కొలిచే అలవాటు అక్కడి నుంచి మిగిలిందే.

ఆచరణలో చూసుకోవలసింది: లెక్కకొచ్చేది మీ పాస్‌పోర్టు కాదు, పుట్టిన చోటు. కెనడా పౌరసత్వం తీసుకున్నా గుంటూరులో పుట్టినవారు భారత వరసలోనే ఉంటారు. మీ భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే, ఆ దేశం వరసలో మీ ఇద్దరినీ లెక్కించమని అడగవచ్చు. గల్ఫ్‌లో పుట్టిన తెలుగువాళ్లను పెళ్లాడినవాళ్లు చాలామంది దీన్ని గమనించరు. అమెరికా బయట పుట్టిన పిల్లలకు 21 దగ్గరపడుతుంటే, 2002 చట్టం ప్రకారం ఐ-140 (ఉద్యోగి కోసం సాధారణంగా యజమాని వేసే గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్న రోజులను వయసులోంచి తీసేస్తారు, కానీ వీసా నంబరు అందుబాటులోకొచ్చిన ఏడాదిలోపు తరవాతి అడుగు వేయాలి. ఈ లెక్కను న్యాయవాదితో తేదీలు పెట్టి వేయించుకోండి, ఉజ్జాయింపుగా వదిలేయవద్దు.

7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ మార్పులతో మరో రూపాన్ని ఆమోదించింది, రెండింటినీ కలిపేలోపు ఆ సభ గడువు ముగిసిపోయింది. మొత్తం నంబరు పెంచకుండా పరిమితి మాత్రమే తీస్తే, నిరీక్షణ ఇతర దేశాలవాళ్ల మీదికి జరుగుతుందన్నది దాని మీద వచ్చిన ముఖ్య అభ్యంతరం, అందులో నిజముంది. అసలు చిక్కు 1990లో గీసిన 1.4 లక్షల గీత దగ్గరుంది.